లేపాక్షి మండపము: రాతి కప్పు, దాని బరువు, దాని అలంకారము

జనులు గుంపుగా ఒకచోట నిలుచుటకు నీడ కావలెను. గుడి మండపమైనను, రైలు స్టేషనైనను, మహానగరములలో భూమి లోపల నడచు రైళ్ళ స్టేషనైనను, దానిని కట్టువాని యెదుట నిలుచు ప్రశ్న ఒక్కటే. విశాలమైన స్థలముపై బరువైన కప్పును నిలుపవలెను. ఆ కప్పును మోయు స్తంభములు రాకపోకలకు అడ్డు కారాదు. పైగా అచ్చట నిలిచినవారి కంటికి అది ఇంపుగా ఉండవలెను. ఈ మూడు పనులును ఒకదానితో నొకటి ముడివడి యున్నవి. సుమారు ఐదు వందల సంవత్సరముల క్రిందట అనంతపురము పీఠభూమిపై, ఉక్కు దూలములు గాని కాంక్రీటు గాని లేని రోజులలో, రాతితోనే ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన కట్టడము లేపాక్షి వీరభద్రాలయము.

లేపాక్షి గ్రామము హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. 2022 వరకు అది అనంతపురము జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము జరిగిన పునర్విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. తాబేటి వీపువలె నున్న ఒక చిన్న గుట్టపై ఆలయము నిలిచియున్నది. అందుచేతనే ఆ గుట్టకు కూర్మశైలమని పేరు. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) పెనుకొండలో రాజోద్యోగులుగా నుండిన విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు దీనిని కట్టించిరి. ఆలయమునకు ఇచ్చిన దానములను తెలుపు 1530 దశకపు శాసనములు అచ్చటనే కలవు.

కరవు నేల, రాతి సంపద

అనంతపురము ప్రాంతమున సాలీనా కురియు వర్షము సగటున 55 సెంటీమీటర్ల ప్రాంతము. నైరృతి ఋతుపవనములు తెచ్చు మేఘములు తమ నీటిలో చాల భాగమును పడమటి కనుమలకు ఆవలనే కురిపించి వచ్చుటచేత ఈ పీఠభూమి వానలేని నీడలో పడినది. వర్షము తక్కువగుటచేత పెద్ద వృక్షములు విరివిగా పెరుగవు. మన్ను పలుచగా నుండి, దాని క్రింది బండ అనేక స్థలములలో నేలపైకి తేలి కనబడును. ఈ బండ గ్రానైటు, గ్రానైటు జాతికి చెందిన నైసు రాయి. దీని వయస్సు 250 కోట్ల సంవత్సరములకు పైమాటే.

కలప కరవైన చోట రాయి సమృద్ధిగా నున్నది. కాబట్టి స్థపతి స్తంభమును, దూలమును, కప్పును కూడ రాతితోనే చేసెను. అట్లు చేయుటలో లాభము కలదు, చిక్కును కలదు. ఆ చిక్కును తెలిసికొనుటకు లేపాక్షి వరకు పోనక్కరలేదు. తరగతి గదిలోని సుద్దముక్క చాలును.

సుద్దముక్క చెప్పు పాఠము

ఒక సుద్దముక్కను బల్లపై నిలువుగా నిలిపి, పైనుండి బొటనవ్రేలితో తిన్నగా అదుముడు. అది చాల బలమును ఓర్చుకొనును. అదే ముక్కను రెండు పుస్తకముల నడుమ వంతెనవలె అడ్డముగా పరచి, మధ్యలో కొద్దిగా నొక్కుడు. వెంటనే పుటుక్కున విరుగును. పదార్థము ఒక్కటే, బలము పడిన తీరు వేరు.

దీని కారణమును రబ్బరుముక్కతో చూడవచ్చును. రబ్బరు ప్రక్కభాగమున దగ్గర దగ్గరగా నిలువు గీతలు గీసి, దానిని మధ్యలో క్రిందికి వంచినచో పైభాగపు గీతలు దగ్గరగును, అడుగుభాగపు గీతలు ఎడమగును. అనగా వంగిన దూలపు పైభాగము నొక్కబడుచున్నది, క్రిందిభాగము లాగబడుచున్నది. రాయి నొక్కుడును బాగుగా ఓర్చును, లాగుడును ఓర్వలేదు. మంచి గ్రానైటు చదరపు సెంటీమీటరునకు 1000 నుండి 2000 కిలోగ్రాముల నొక్కుడుకు నిలుచును. లాగుడు విషయమున దాని శక్తి ఇందులో పదవ వంతు మొదలు ఇరువదవ వంతు వరకు మాత్రమే. రాతి దూలము విరిగినప్పుడు బీట అడుగు వైపునుండియే మొదలగును.

ఇంకొక నియమము గలదు. దూలపు మందము మారకుండ దాని పొడవు రెట్టింపైనచో, దాని స్వంత బరువువలన అడుగుభాగమున కలుగు లాగుడు రెట్టింపు గాక నాలుగు రెట్లగును. 3 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల మందము గల గ్రానైటు దూలమునకు అడుగున చదరపు సెంటీమీటరునకు సుమారు 6 కిలోగ్రాముల లాగుడు కలుగును. 6 మీటర్ల దూలమునకు అది 24 కిలోగ్రాములగును. దూలముపై పరచిన కప్పుబండల బరువు, వానిపై గచ్చు బరువు దీనికి అదనము. రాతిలో కంటికి కనబడని సన్నని బీటలుండుట సహజము గనుక స్థపతి తన దూలమును దాని శక్తి అంచువరకు లాగుటకు సాహసింపడు.

అందుచేతనే మన ప్రాచీన మండపములలో స్తంభములు దగ్గర దగ్గరగా నుండును. అవి అలంకారము కొరకు పెంచిన సంఖ్య కాదు. రాతి స్వభావము విధించిన లెక్క.

స్తంభము నుండి కప్పు వరకు

లేపాక్షి నాట్యమండపమున నిలిచి క్రిందినుండి పైకి చూచినచో ఈ లెక్క యెట్లు తీరినదో తెలియును. నేలపై ఎత్తైన అధిష్ఠానము, దానిపై స్తంభము. స్తంభపు తలపై ఇరుప్రక్కలకు చేతులవలె చాచిన దిమ్మె యుండును. శిల్పశాస్త్రమున దీనిని పోతిక యందురు. పోతికపై దూలము, దూలముపై కప్పుబండలు.

వీనిలో పోతిక చేయు మేలు గమనింపదగినది. రెండు స్తంభముల నడుమ ఎడము 3 మీటర్లనుకొందము. రెండువైపుల నుండియు పోతికలు అరమీటరు చొప్పున ముందునకు చొచ్చుకొనివచ్చినచో దూలము ఆధారము లేకుండ దాటవలసిన దూరము 2 మీటర్లే యగును. పై నియమము ప్రకారము, దూలము స్వంత బరువువలన కలుగు లాగుడు సగముకంటె తక్కువకు తగ్గును. తామరమొగ్గవలె చెక్కిన పోతిక చివర చూచువారికి వట్టి సింగారముగా తోచును గాని, ఆ సింగారము చాచిన చేతి చివరన, బరువు మోయని చోటనే యున్నది.

నాట్యమండపపు నడుమ నృత్యమునకు తగిన ఖాళీ స్థలము విడువబడినది. చుట్టు నున్న స్తంభములపై నాట్యమాడు రంభ, మద్దెల వాయించు బ్రహ్మ, పాడు తుంబురుడు, మూడు కాళ్ళ భృంగి మున్నగు మూర్తులు కలవు. పైన కప్పు నడుమ తలక్రిందుగా విరిసిన పెద్ద తామరపువ్వు చెక్కబడినది. ఇట్టి విశాలమైన ఖాళీలను కప్పుటకు దక్షిణదేశపు స్థపతులు ఒక ఉపాయమును వాడెడివారు. ఒక వరుస బండలను దూలములపైనుండి కొంచెము లోనికి జరిపి పెట్టి, వానిపై మరియొక వరుసను మరికొంత లోనికి జరిపి, ఖాళీని క్రమముగా కుదించి, చివరకు మిగిలిన చిన్న రంధ్రమును ఒక పలకతో మూసెడివారు. ప్రతి బండయొక్క వెనుక భాగమును పై బరువు అదిమి పట్టుటచేత ముందు భాగము క్రిందికి వ్రాలదు.

రాయి ఒప్పుకొన్న అలంకారము

బేలూరు, హళేబీడు ఆలయములను చూచినవారికి లేపాక్షి శిల్పము కొంత మొరటుగా తోచవచ్చును. బేలూరు మూర్తుల మెడలోని హారములు పూసపూసగా విడివడి కనబడును. లేపాక్షిలో అంత సన్నని పని లేదు. ఇది శిల్పి నేర్పులోని లోపము కాదు. హోయసల శిల్పులు వాడిన రాయి మెత్తని జాతిది. గనినుండి తీసినప్పుడు ఉలితో సన్నగా కోయుటకు లొంగును, గాలికి క్రమముగా గట్టిపడును. గ్రానైటులో నున్న స్ఫటికశిల కఠినత్వపు కొలమానమున 7వ మెట్టునకు, ఫెల్‌స్పారు 6వ మెట్టునకు చెందినవి. మామూలు ఇనుము వీనికంటె మెత్తనిది. కాబట్టి గ్రానైటును కోయుట సాధ్యము గాదు. ఉక్కు ఉలి మొనతో దెబ్బమీద దెబ్బ వేసి, గింజ గింజగా నలిపి రాల్చవలెను. ఉలికి మాటిమాటికి పదును పెట్టవలెను. ఇట్టి రాతిలో సన్నని భాగములు దెబ్బకు ఎగిరిపోవును.

శిల్పి ఈ హద్దును ఎరిగి దానికి తగిన భాషను ఎన్నుకొనెను. మూర్తులు నిండైనవి, రేఖలు బలమైనవి. స్తంభపు నడిమి భాగము బరువు మోయుటకు వదలివేయబడి, మూర్తులు దాని వెలుపలి ముఖమునుండి ముందునకు వచ్చునట్లు చెక్కబడినవి. మూర్తి చేయి విరిగినను కప్పునకు ముప్పు రాదు. లతామండపమున మరియొక మార్గము కనబడును. అచ్చటి స్తంభముల ముఖములపై తీగెలు, పూవులు, పక్షులు మున్నగు నమూనాలు తక్కువ లోతున చెక్కబడినవి. లోతు తక్కువగుటచేత స్తంభపు బలము తరుగదు. ఈ నమూనాలు తరువాతి కాలమున చీరల అంచులకెక్కి, లేపాక్షి అంచులని పేరు పొందినవి.

ఉన్నచోటనే యున్న బండను చెక్కుట మరియొక తెలివి. ఏడు పడగల నాగలింగము ఒకే గుండునుండి చెక్కబడినది. ఊరి వైపున్న నంది కూడ ఏకశిలయే; పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు సుమారు 15 అడుగులు. కదలింప శక్యముగాని గుండునకు రూపమిచ్చుటలో రవాణా ప్రశ్నయే లేదు.

వ్రేలాడు స్తంభము

లేపాక్షికి వచ్చువారిలో చాలమంది మొదట వెదకునది నాట్యమండపమున ఒక మూల నున్న వ్రేలాడు స్తంభము. దాని అడుగు నేలకు పూర్తిగా ఆనదు. సందులో ఒకవైపునుండి సన్నని గుడ్డను దూర్చి మరియొకవైపు లాగవచ్చును. ఒక ఆంగ్ల ఇంజనీరు దాని రహస్యమును తెలిసికొనబోయి దానిని కదలించెనని జనులు కథగా చెప్పుకొందురు. మండపమంతయు ఆ ఒక్క స్తంభమువలననే నిలిచియున్నదని కొందరు, అది ఏ ఆధారమును లేక గాలిలో నిలిచియున్నదని కొందరు అందురు. ఈ రెండు మాటలను లెక్కతో పరీక్షింపవచ్చును.

ఉదాహరణకు 40 సెంటీమీటర్ల చదరము, 3 మీటర్ల ఎత్తు గల గ్రానైటు స్తంభమును తీసికొందము. దాని ఘనపరిమాణము 0.48 ఘనపు మీటరు. ఘనపు మీటరు గ్రానైటు సుమారు 2,700 కిలోగ్రాములు తూగును గనుక స్తంభపు బరువు సుమారు 1,300 కిలోగ్రాములు. గ్రానైటు చదరపు సెంటీమీటరునకు వేయి కిలోగ్రాములకు పైగా నొక్కుడుకు ఓర్చునని పైన చూచితిమి. కాబట్టి స్తంభపు అడుగున ఒక అంచు కొద్ది చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకినను దాని స్వంత బరువునకు అది చాలును. అడుగున చాల భాగము ఎడముగా నుండి గుడ్డ దూరుటయు, స్తంభము పడకుండ నుండుటయు ఒకదానికొకటి విరుద్ధములు కావు.

మరి దానిపైనున్న కప్పు బరువు ఏమైనది? అనేక స్తంభములున్న మండపమున దూలములును కప్పుబండలును ఒకదానిపై నొకటి ఆనుకొనియుండును. ఒక స్తంభము కొద్దిగా కుంగినను, జరిగినను దాని వంతు బరువును పొరుగు స్తంభములు పంచుకొనును. నాలుగు కాళ్ళ బల్లకు ఒక కాలు పొట్టిదైనను మిగిలిన మూడింటిపై అది నిలుచుట మనము ఎరిగినదే. వ్రేలాడు స్తంభము మహిమ ఆ ఒక్క స్తంభములో లేదు. ఒకటి తప్పుకొన్నను నిలువగలుగునట్లు కూర్చబడిన మండపములో నున్నది. అయితే పంచుకొను శక్తికి హద్దు కలదు. పొరుగు స్తంభములు ఇప్పటికే అధిక భారమును మోయుచున్నవి గనుక ఆ మూలను కదలింపకుండుటయే క్షేమము.

పూర్తికాని మండపము

ఆలయపు ఆవరణలో పైకప్పు లేని కల్యాణమండపము కలదు. స్తంభములు నిలిచినవి, వానిపై పార్వతీ కల్యాణమునకు వచ్చిన దేవతలు, ఋషులు చెక్కబడినారు. కప్పు మాత్రము పడలేదు. పని ఆగిపోవుటకు విరూపణ్ణపై మోపబడిన నేరమే కారణమని ఒక కథ ప్రచారములో నున్నది. కథ యెట్లున్నను విద్యార్థికి ఈ మండపము తెరచియుంచిన పాఠ్యపుస్తకము వంటిది. ముగిసిన కట్టడమున కప్పుబండల క్రింద మరుగుపడు స్తంభముల తలలు ఇచ్చట ఆకాశము క్రింద తేటతెల్లముగా నున్నవి. కప్పు పడకముందే మూర్తులు రూపొందుటనుబట్టి, శిల్పమును బరువు నెత్తు పనికి వెనుక నుంచలేదని తెలియుచున్నది.

కప్పు క్రింది రంగులు

లేపాక్షి కీర్తిలో సగము దాని కప్పుల అడుగున నున్న చిత్రములది. మత్స్యయంత్రమును కొట్టు అర్జునుడు, కిరాతార్జునీయ గాథ, మర్రియాకుపై బాలకృష్ణుడు, దైవమును సేవించు విరూపణ్ణ సోదరులు అందు కనబడుదురు. అర్ధమండపపు కప్పుపై సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల వీరభద్రుని చిత్రము కలదు. ఆనాటి చీరల అంచులు, తలపాగలు, నగలు ఈ చిత్రములలో నిలిచియుండుటచేత వస్త్రముల చరిత్రకు ఇవి గొప్ప ఆధారము.

రాతిపై రంగు తిన్నగా పట్టదు. అందుచేత బండ అడుగున సున్నపు గచ్చును పలుచగా పూసి, నునుపు చేసి, దానిపై చిత్రించిరి. తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమముగా సున్నపురాయిగా మారును. ఆవిధముగా గచ్చు గట్టిపడి బండను అంటిపెట్టుకొనును. ఇట్టి చిత్రములకు సాధారణముగా ఎఱ్ఱమన్ను, పసుపువన్నె మన్ను, దీపపు మసి, సున్నపు తెలుపు వాడెడివారు. ఎఱ్ఱ, పసుపు మన్నులలోని రంగు ఇనుపధాతువు గాలితో కలిసి ఏర్పడిన పదార్థములది. అవి ఎండకు, గాలికి సులభముగా మారవు. లేపాక్షిలో కావిరంగు నేటికిని కంటికి ఆనుట ఇందుకే.

ఈ రంగులకు ముఖ్యశత్రువు నీరు. కరవు నేలపై నీటివలన చేటు కలుగుననుట వింతగా తోచును. ఏడాదిలో ఎక్కువ దినములు గాలి పొడిగా నుండుట చిత్రములకు మేలే చేసినది. కాని వాన తక్కువైనను పడినప్పుడు జోరుగా పడును. కప్పుబండలు ఒకే రాయి కావు. వాని నడుమ అతుకులు కలవు. పై గచ్చు బీటలు వారినచో నీరు ఆ అతుకులగుండ దిగి, సున్నములోని లవణములను కరగించి, చిత్రపు ముఖము వరకు తెచ్చును. నీరు ఆరిపోగా లవణములు స్ఫటికములై, పెరుగుచు రంగు పొరను వెనుకనుండి నెట్టును. పొర బుడగవలె లేచి రాలిపోవును. లేపాక్షి కప్పులపై కొన్నిచోట్ల రంగు వెలిసి, గచ్చు ఊడిపోయి, ఉత్త బండ కనబడుచున్నది.

ఇచ్చట భూగర్భ రైల్వే స్టేషనుతో పోల్చి చూచుట ఉపయోగకరము. మాస్కోలో 1938లో తెరవబడిన మాయకోవ్‌స్కాయా స్టేషను భూమికి సుమారు 33 మీటర్ల లోతున నున్నది. దాని శిల్పి దూష్కిన్ ఉక్కు స్తంభములను వాడెను. ఉక్కు లాగుడును కూడ ఓర్చును గనుక స్తంభములు సన్నగా, ఎడమెడముగా నుండి స్థలము విశాలమైనది. కప్పులోని గుంటలలో డేనేకా అను చిత్రకారుడు రూపొందించిన చిత్రములు కలవు. అవి గచ్చుపై రంగులు కావు. రంగుగాజు ముక్కలను పొదిగి చేసినవి. గాజు తేమను పీల్చుకొనదు, దాని రంగు నీటికి వెలియదు. తలయెత్తి చూచు జనులకు కప్పుపై చిత్రము చూపవలెనను కోరిక రెండుచోట్లను ఒక్కటే. రాయి, సున్నము మాత్రమే చేతనున్న లేపాక్షి చిత్రకారుని పని పైనున్న కప్పు నీరు కారనంతవరకే క్షేమము. స్థపతి వేసిన అతుకు చెడినచో చిత్రకారుని కృషి చెడును.

రక్షణ

లేపాక్షి ఆలయము కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. 2022లో ఆలయమును, ఏకశిలా నందిని యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చిరి. ఆ గౌరవము ఆనందదాయకమే. కాని చిత్రములు నిలుచుట పై అతుకులు మూసియుండుటపై, చూరునుండి నీరు దూరముగా పోవుటపై, చూచువారి నడవడిపై ఆధారపడి యున్నది. ఊడిన రాతిని మరల నిలుపవచ్చును. రాలిన రంగును మరల తేలేము. క్రొత్త రంగు పూసినచో అది క్రొత్త చిత్రమగును గాని పాతది కాదు.

విద్యార్థులను లేపాక్షికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు ముందురోజు తరగతిలో సుద్దముక్కతో, రబ్బరుముక్కతో ప్రయోగములు చేయించుట మంచిది. అచ్చట రెండు స్తంభముల నడుమ ఎడమును అడుగులతో కొలిపింపవచ్చును. పోతిక ఎంత దూరము చాచినదో, మూర్తి స్తంభమున ఏ భాగమునుండి ముందునకు వచ్చినదో గుర్తింపజేయవచ్చును. కప్పుపై రంగు చెడిన చోట బండల అతుకు దగ్గరలో నున్నదా యని వెదకింపవచ్చును. స్తంభము క్రింద గుడ్డ లాగుట మాని, చిత్రములను, శిల్పములను చేతితో తాకకుండ ఈ పనులన్నియు చేయవచ్చును. అట్లు చూచివచ్చిన బాలునికి మన ఊరి గుడి మండపములోని స్తంభములు కూడ అటుపై ఊరక నిలిచినవిగా కనబడవు.